షుగరు, సైకిలు, రాజన్న తోడు

ఆ రోజు ధర్మసాగర్ దారిలో నీళ్ల కోసం ఎన్నిసార్లు సైకిలు దిగానో గుర్తు లేదు. హనుమకొండలో మాది కిరాణా దుకాణం. సబ్బులు, అగ్గిపెట్టెలు సైకిలుకు కట్టుకుని ఊళ్లలోని చిన్న దుకాణాలకు వేసి వచ్చేవాణ్ణి. ఎప్పుడూ ఒక్కణ్ణే. ఎవరి కోసమూ ఆగే పని లేకపోవడం నాకు ఇష్టం. పందొమ్మిది వందల అరవైల మొదట్లో సంగతి, నాకింకా ముప్పై నిండలేదు.

ఎంత తాగినా దాహం తీరలేదు. కొన్నాళ్లకే చొక్కాలు వదులయ్యాయి. దవాఖానలో యూరిన్ టెస్టు చేస్తే, మూత్రం కలిపి కాచిన నీలం మందు ఇటుక రంగుకు తిరిగింది. "షుగర్ బాగ ఎక్కువున్నది. ఇన్సులిన్ తప్పదు," అన్నారు డాక్టరు. రోజూ పొద్దున నా భార్య లక్ష్మి గాజు సిరంజి మరిగించి ఇచ్చేది.

ఇన్సులిన్ మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం అన్నం ఆలస్యమైంది. దారిలో చెమటలు పోశాయి, చేతులు వణికాయి, పడిపోయాను. "పట్టపగలే తాగిండు, పోనియ్యి," అని ఎవరో అనడం లీలగా వినిపించింది. ఒక ముసలామె మాత్రం ఆగి, లేపి కూర్చోబెట్టి తియ్యటి చాయ్ తాగించింది.

"అది లో షుగర్. ఇన్సులిన్ తీస్కొని టైముకు తినకుంటే ఒంట్లె షుగర్ పడిపోతది. జేబుల చక్కెర పెట్టుకో. ఒక్కనివి దూరం పోకు," అన్నారు డాక్టరు.

చక్కెర పెట్టుకున్నాను. అయినా చెమట పట్టినప్పుడల్లా గుండె దడదడలాడేది. ఇది ఎండ వల్లా, లో షుగర్ వల్లా? చివరికి అదే దారిలో బట్టలమ్మే రాజన్నకు నా జబ్బు, జేబులో చక్కెర సంగతి చెప్పి, ఆయనతో కలిసి వెళ్లడం మొదలుపెట్టాను. నాకంటే పెద్దవాడు. మెల్లగా తొక్కేవాడు, కనబడిన వాళ్లందరితో మాట్లాడేవాడు. నాకు విసుగ్గా ఉండేది.

ఒకరోజు తిరిగి వస్తూ నేను ముందు వెళ్తున్నాను. వెనక నుంచి వచ్చి రాజన్న హ్యాండిలు పట్టుకున్నాడు.

"తమ్మీ, ఎటు పోతానవ్?"

"ఇంటికి."

"ఇల్లు ఇటు కాదు. జర దిగు."

"నాకేం కాలే. నన్ను ఇడువు."

చేయి విసిరి కొట్టానట. ఆయన వదల్లేదు. నా జేబులోంచి చక్కెర తీసి, "ముందుగాల ఇది నోట్లె ఏస్కో, ఎనుక కొట్టుదువు," అన్నాడు.

కాసేపటికి కళ్లు తేటపడ్డాయి. మేం చెరువు కట్ట అంచున ఉన్నాం. రాజన్న చొక్కా చిరిగి ఉంది. చక్కెర అంతసేపూ నా జేబులోనే ఉంది, తినాలని మాత్రం నాకు తట్టలేదు.

"లో షుగర్ ముందు తెలివినే పట్టుకుంటది," అన్నారు డాక్టరు. "మింగగలిగితే చక్కెర పెట్టాలె. స్పృహ లేకుంటే నోట్లె ఏం పెట్టొద్దు, దవాఖానకు తేవాలె."

ఆ తర్వాత కూడా ఆ దారిలోనే తిరిగాను. రాజన్న రాని రోజు మాత్రం దుకాణం దాటలేదు. భయం పూర్తిగా పోలేదు.

ఇన్సులిన్ తీసుకునేవారికి ఒక్క మాట. జేబులో చక్కెర పెట్టుకుంటే చాలదు. పక్కన వచ్చే మనిషికి బయలుదేరే ముందే చెప్పండి: "నాకేం కాలేదని నేను కోప్పడితే నా మాట నమ్మొద్దు, నా సైకిలు ఆపు."