మూడో పీట

పీట ఇంట్లో చేసే చాకిరీ కంటే మాటల్లో చేసేదే ఎక్కువ. పెళ్లంటే పీటలెక్కడం, గౌరవిస్తే పెద్దపీట వేయడం, తెగని తగాదా పడితే పీటముడి. కూరలు తరగాలంటే కత్తిపీట. కొత్తవాడలో మా ఎదురింటి కట్టమ్మకు మాత్రం పీట అంటే ఒకటే, ఎవరో ఒకరు ఎత్తుకుపోయే వస్తువు.

ఆమెవి మామూలు పీటలు కావు. భర్త కుమారస్వామి మంచి వడ్రంగి. చనిపోకముందు టేకుతో ఒక జత చేసిపెట్టాడు. ఫంక్షన్ హాల్లో ఎంత వెల్వెట్ సోఫా వేసినా, మా వాడలో కన్యాదానం చేసే దంపతులు ఆ జత మీదే కూర్చోవాలి. అడిగితే కట్టమ్మ కాదనదు. తిరిగొచ్చాక మాత్రం బోర్లా తిప్పి, అడుగున భర్త పెట్టిన మూడు ఉలిగాట్లు వేలితో తడిమి చూశాకే లోపల పెడుతుంది. ఒకసారి ఎవరో మామిడిచెక్క పీట అంటగట్టబోయారట. అప్పటినుంచి దేవుడు తెచ్చిచ్చినా తిప్పి చూడాల్సిందే. పాలవాణ్ణి నమ్మదు, గ్యాస్ బండ తెచ్చేవాణ్ణి నమ్మదు. ఎదురిల్లూ దూరపు చుట్టరికమూ కనుక నన్ను ఇరవై ఏళ్లుగా సగం నమ్ముతోంది.

మొన్న వైశాఖంలో ఆమె కూతురు లావణ్య పెళ్లి. భర్త లేని మనిషి పీటల మీద కూర్చోకూడదంటారు కదా, అందుకని మరిది సారంగపాణి, అతని భార్య శకుంతల కన్యాదానం చేయాలని అనుకున్నారు. పెళ్లికి ఇరవై రోజులున్నాయనగా శకుంతల హన్మకొండ నుంచి ఆటోలో వచ్చింది.

"అక్కా, పీటలకు జర పాలిష్ పెట్టిచ్చి తెస్త," అని పట్టుకుపోయింది.

వారమైనా పీటలు రాలేదు. ఫోన్ చేస్తే, "ఇంక ఆరలే అక్కా, ఫికర్ చెయ్యకు," అంది. ఎండాకాలంలో పాలిష్ ఆరడానికి వారమా? కట్టమ్మ చెప్పాపెట్టకుండా బస్సెక్కి వెళ్లింది. గేటు దగ్గరికే రంపం చప్పుడు వినిపించింది. సారంగపాణికీ అన్న చేతిపనే వచ్చు. వదినను చూడగానే చేస్తున్నదాని మీద గోనెసంచి కప్పేశాడు.

ఆమె తిరిగొచ్చి మా గడపలో కూలబడింది.

"నకల్ పీటలు చేస్తాండు పద్మా. అసలువి ఆళ్లు ఉంచుకొని, నకల్‌వి నాకు అంటగడ్తరు."

నేను కాదనాల్సింది. "మరి సంచి ఎందుకు కప్పిండు?" అని అగ్నికి ఆజ్యం పోశాను.

రెండు రోజుల తర్వాత పసుపు దంచడానికి చుట్టాలంతా చేరారు. కట్టమ్మ అందరి ముందూ అనేసింది.

"పీటల దొంగలు నా బిడ్డకు కన్యాదానం చెయ్యద్దు. ఎదురింటి పద్మ, వాళ్లాయన కూసుంటరు."

శకుంతల చేతిలో రోకలి ఆగిపోయింది. "సరే అక్కా," అని పసుపు చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. దాచడమెందుకు, నాకు లోలోపల సంతోషమే అయింది. ఏ పట్టుచీర కట్టాలా అని కూడా ఆలోచించాను.

ఆ సాయంత్రమే ఆటోలో పీటలొచ్చాయి. మూడొచ్చాయి. కట్టమ్మ ఒక్కొక్కటే బోర్లా తిప్పింది. రెండింటికి పాత గాట్లు. మూడోది కొత్తది, దాని అడుగునా మూడు గాట్లు, పక్కన ఒక కాలిన మచ్చ. ఆ మచ్చ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. కుమారస్వామి పనిచేసే బల్ల మీద బీడీ పెట్టి మరిచిపోతే కాలిన మచ్చ అది. ఆయన పోయాక ఆ బల్లను ఆమే మరిదికి ఇచ్చింది, దాని చెక్కే ఇప్పుడు పీటై వచ్చింది.

లావణ్య ఏడుస్తూ చెప్పింది. "అది నీకే అమ్మా. నువ్వు గూడ మా పక్కన కూసోవాలెనని చిన్నమ్మ పంతులును ఒప్పిచ్చింది. ముందుగాల చెప్తే వద్దంటవని దాసినం."

కట్టమ్మ ఆ పీటను చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, అదే ఆటోలో హన్మకొండ వెళ్లింది. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ వంటింట్లోకే నడిచేది. శకుంతల వంట చేస్తుంటే పక్కనే చిన్న పీట మీద కూర్చుని కూరలు తరిగేది. ఆ రోజు శకుంతల ముందుగదిలోనే రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు వేసినట్టు. దుమ్ము లేకపోయినా తుడిచింది.

"నాది తప్పయింది శకుంతలా," అంది కట్టమ్మ కూర్చోకుండానే. "నువ్వే కన్యాదానం చెయ్యాలె."

"పెండ్లికి వస్తం అక్కా. లావణ్య మా బిడ్డ," అంది శకుంతల. "పీటల మీద మాత్రం కూసోం. నలుగురి ముందట దొంగలమైనం."

బతిమాలినా వినలేదు. చాయ్ మాత్రం ఇచ్చింది.

పెళ్లిలో కట్టమ్మ కొత్త పీట మీద కూర్చుంది. పాత జత మీద నేనూ మా ఆయనా కూర్చున్నాం. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. శకుంతల నాలుగో వరసలో, హాలువాళ్ల కుర్చీలో కూర్చుని అక్షింతలు వేసింది.

మర్నాడు పీటలు ఇంటికొచ్చాయి. కట్టమ్మ ఒక్కదాన్నీ తిప్పి చూడకుండా లోపల పెట్టేసింది. శకుంతల మా వాడకు ఇంకా రాలేదు.