పెన్న మడుగు, నాయన అనుమానం

మా నాయన బస్సు డ్రైవరు. పుట్టింది ఉదయగిరి కొండ కింద, నీళ్లంటే కడవలో మాత్రమే చూసిన ఊళ్లో. తొంభైల్లో ఆత్మకూరుకి బదిలీ అయ్యాక పెన్న ఒడ్డున కాపురం పెట్టాము. ఆయనకి ఏరంటే అనుమానం, ఏటి పక్క మనుషులంటే మరింత అనుమానం.

శనివారం మధ్యాహ్నాలు మా టీచరమ్మ పిల్లల్ని చేపలు పట్టి బతికే ఒక యానాది అవ్వతో ఏటికి పంపేది. ఇసకలో చెలమ తవ్వి ఊరిన తేటనీళ్లు తాగడం, బుట్టతో చేపలు పట్టడం అవ్వే నేర్పింది. గుడ్లున్న చేప పడితే వదిలేయమనేది. "అంతా మనమే తింటే రేపు ఏరు ఏం పెడతాది?" అనేది.

నాయన నమ్మలేదు. "ఊరికే ఎవురు నేర్పిస్తారు? మీ చేత పట్టించి అమ్ముకుంటా ఉండాది" అని, డ్యూటీ లేని శనివారం నా వెంట వచ్చి తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. పొద్దు వాలాక అవ్వ చేపలన్నీ పిల్లలకే పంచింది.

"నేనున్నానని పంచింది" అన్నాడు నాయన.

ఆ ఎండాకాలం ఒక పొద్దున, మేము చేపలు పట్టే మడుగులో చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఊరంతా ఒడ్డున చేరింది. ఎగువన వరి వేసిన రైతు ఒకాయన, "యానాదోళ్లే మందు కలిపినారు, తరమండి" అని అరిచాడు. నాయన కూడా అదే అంటాడనుకున్నాను.

ఆయన దోసిట్లోకి నీళ్లు తీసుకుని వాసన చూశాడు. "చేపల కోసం చంపినోళ్లు చేపల్ని వదిలేసి పోతారా?" అన్నాడు. ఏటి వెంట పైకి నడిచాడు. అందరం వెనకే వెళ్లాము. వరి మడి గట్టు ఏట్లోకి దిగే చోట తెల్లటి నురగ, పురుగుమందు డబ్బాలు. మందు కొట్టే మిషను అక్కడే కడిగినట్టుంది.

"ఈ మడి ఎవురిది?" అన్నాడు నాయన.

"ఎవురో కడిగుంటారు, నాకేం తెలుసు" అని ఆ రైతు తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఎప్పటికీ ఒప్పుకోలేదు.

పశువులు ఆ నీళ్లు తాగకుండా అవ్వా, మా అమ్మలూ, మేమూ మడుగు చుట్టూ ముళ్లకంప వేశాము.

వానలకి ఏరు పారి మడుగు కడిగేశాక శనివారాలు మళ్లీ మొదలయ్యాయి. నాయన వచ్చి ఎగువ గట్టు మీద నిలబడేవాడు.

"ఇంకా ఎవుర్ని అనుమానిస్తా ఉండావు?" అని అమ్మ అడిగింది.

"అందర్నీ."

ఒకరోజు అవ్వ పిలిచింది. "దిగు సామీ, మోకాలు లోతే."

నాయన ముందు కర్రతో లోతు చూసుకున్నాడు. తర్వాతే చెప్పులు విడిచాడు.