రేకుపెట్టెలో చోటు

మా చిన్నప్పుడు... తెల్లారేసరికి మా వాకిట్లో గోనెపట్టా పరిచి ఉండేది. దాని మీద నాన్న పడవ సామాను... పానాలు, సుత్తి, పట్టకారు, ఇంజను తిప్పే తాడు, నట్లు బోల్టుల డబ్బా, విడి ఫ్యాను. వీటిలో ఏవి పడవెక్కాలో ఏవి ఇంట్లో ఉండాలో నాన్న రోజూ కొత్తగా తేల్చుకునేవాడు.

మాది అచ్చంపేట వైపు కృష్ణ ఒడ్డున చిన్న ఊరు. నాన్న ఏడుకొండలు ఇంజను పడవ నడిపేవాడు. సామానుకి పడవలో ఉన్న చోటు ఒక్కటే... అమ్మ పెళ్ళినాటి రేకుపెట్టె. ఎప్పుడో ఎవరిదో పాదం తెగిందట, అప్పట్నుంచి జనం కాళ్ళ కింద ఇనప ముక్క ఉండనిచ్చేవాడు కాదు. పెట్టెలో పట్టిందే పడవలోకి.

ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని "ఇది లేకపోతే?" అని తనను తానే అడిగేవాడు. జవాబు దొరికితే అది ఇంట్లోనే.

"సుత్తి లేకపోతే? రాయుంది. పట్టకారు లేకపోతే? పళ్ళున్నాయి."

"ఆ పళ్ళు కూడా ఊడగొట్టుకో. రోజూ గంజి కాచి పోస్తా," అనేది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

విడి ఫ్యాను దగ్గర మాత్రం ఆయనకి జవాబు ఉండేది కాదు. పడవ వెనక నీళ్ళలో తిరిగే ఫ్యాను రెక్క విరిగితే ఇంజను ఎంత మోగినా పడవ ముందుకు పోదు, అప్పుడు ఈ విడిది బిగించుకోవాలి. అందుకే అన్నిటికంటే ముందు పెట్టెలోకి పోయేది అదే.

నేను ఆరో తరగతికొచ్చాను. హైస్కూలు అవతలి ఒడ్డున, రోజూ నాన్న పడవలోనే పోవాలి... మా ఇంట్లో చదువు కోసం అంత దూరం పోయింది నేనే మొదలు. మొదటి వారంలోనే ఏటి నీళ్ళు చిమ్మి పుస్తకాలన్నీ తడిసిపోయాయి. రాసిన అక్షరాలు నీలం మరకలైపోయాయి. ఇంక బడికి పోనని ఏడ్చాను.

మర్నాడు పొద్దున నాన్న నా పుస్తకాల సంచి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది లేకపోతే?" అన్నాడు.

పెట్టెలోంచి ఫ్యాను తీసి, ఆ చోట్లో సంచి పెట్టాడు. అమ్మ నోరు తెరవకముందే, "రెక్క విరిగినా, ఈ రేవు నుంచి ఆ రేవుకి తోసుకుపోవడానికి గెడకర్ర చాల్లేవే," అన్నాడు.

ఆదివారాలు మాత్రం అట్లా కాదు. మిరప తోటల కూలీలను ఎక్కించుకుని రాళ్ళున్న వైపు చానా దూరం పోవాలి. ఆ రోజు ఫ్యాను ఉండి తీరాలి. అందుకని శనివారం సాయంత్రం మర్చిపోకుండా సంచి ఇంటికి తెచ్చుకోమని చెప్పాడు.

ఒక శనివారం... పిన్ని వాళ్ళ గేదె ఈనిందని, జున్ను పెడతారని, పడవ దిగీ దిగకముందే పరుగెత్తాను. సంచి పెట్టెలోనే ఉండిపోయింది.

మర్నాడు లేచేసరికి వాన. నాన్న ఎప్పుడో వెళ్ళిపోయాడు. సంచి గుర్తొచ్చి తడుస్తూనే రేవుకి పోయాను. పడవ లేదు. మూసి ఉన్న టీ పాకకి ఆనించి... ఫ్యాను. దాని మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

నాన్న పొద్దున్నే దాన్ని భుజాన మోసుకొచ్చాడు. పెట్టె తెరిస్తే నా సంచి ఉంది. రెండిటికీ చోటు లేదు, సంచి ఒడ్డున వదులుదామంటే తాటాకు పాకంతా కురుస్తోంది. ఇనుము తడిస్తే ఏమీ కాదు... పుస్తకాలు తడిస్తే నేను బడి మానేస్తాను.

నాకప్పుడు అంత తెలియలేదు. ఫ్యాను మోసుకుంటూ ఇంటికి తెచ్చి మంచం కిందికి తోశాను.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. రాయి తగిలి పడవకున్న ఫ్యాను రెక్క విరిగింది. వరద నీటికి గెడ అడుగు అందలేదు. పడవ రాళ్ళకేసి కొట్టుకుపోతుంటే నాన్న దిగి చేతులతో ఆపబోయాడు. కూలీలందరూ క్షేమం. నాన్న కుడిచెయ్యి పడవకీ రాయికీ మధ్య నలిగిపోయింది.

ఆస్పత్రి నుంచి కట్టుతో వచ్చాడు. ఇంజన్లు బాగుచేసే మస్తాన్ బాబాయి చూడ్డానికి వచ్చి, "ఒరేయ్, నట్టు కూడా లెక్కబెట్టి ఎక్కించేవాడివి. ఫ్యాను ఎట్టా వదిలేశావురా?" అన్నాడు.

అమ్మ మంచం కింద చూసింది. "ఇదిగో... కొంపలోనే ఉంది. మతి యాడ పెట్టుకుని పోయావయ్యా?"

నాన్న ఫ్యానుని చూశాడు. నన్ను చూశాడు.

"మర్చిపోయినాలే," అన్నాడు.

సంచి మాట ఎత్తితే నా చదువు ఆ రోజుతో ఆగిపోయేది. అది ఆయనకి తెలుసు. నాకూ తెలుసు... అందుకే నేనూ నోరు విప్పలేదు.

రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు. ఇంజను తాడు లాగలేక పడవ అమ్మేశాడు. మిరప కోల్డ్ స్టోరేజీలో కాపలాకి కుదిరాడు. ఊళ్ళో పేరు కూడా మారింది... మతిమరుపు ఏడుకొండలు. పిల్లలు కూడా అట్లాగే పిలిచేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఫ్యాను ఇంటికెట్లా వచ్చిందని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు నేను నరసరావుపేటలో ఉద్యోగం చేస్తున్నాను. బస్సెక్కితే ఒళ్ళో సంచి, తడిసే భయం లేదు. మొన్న ఊరికి పోతే రేవులో మా పడవ ఆగే చోట తుమ్మ చెట్లు మొలిచాయి. రేకుపెట్టెలో అమ్మ పాత దుప్పట్లు పెట్టుకుంది.

మీ సంచికి చోటివ్వడానికి మీ ఇంట్లో ఎవరు ఏం తీసి పక్కన పెట్టారో... గుర్తుంటే ఇక్కడ రాయండి. చదువుతాను.

మా నాన్నకి చదవడం రాదు. మా ఊరివాళ్ళు ఎవరైనా ఇది చూస్తే, అరుగు మీద నలుగురూ ఉన్నప్పుడు, ఆయనకి వినపడేట్టు చెప్పండి...

ఏడుకొండలు ఆ రోజు ఏమీ మర్చిపోలేదని.