ఆ యేటి తొట్టిలో మా బిడ్డ

సహోదరీ సహోదరులారా, ప్రభువు నా ఇంటికి చేసిన మేలు నాలుగు మాటల్లో చెప్పుకుంటాను, ఓపిగ్గా వినండి. నా పేరు సుగుణమ్మ, మాది విడవలూరు దగ్గర పల్లె. మా పెద్దవాడు పుట్టినప్పుడు మంత్రసాని వాణ్ణి నా చేతికివ్వకుండా గోడవైపు తిరిగి నిలబడింది. ఏమైందోనని నేనే లేచి చూశాను. పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది. తల్లులారా, నా గుండె ఎట్లా అయిందో మీకు వేరే చెప్పాలా!

మా అత్త నెత్తి బాదుకుంది. "గ్రహణం పూట కదలకుండా పండుకోమంటే పండుకున్నావా? కత్తిపీట ముందరేసుకొని వంకాయలు తరిగితివే! ఇప్పుడు చూడు, బిడ్డకి గ్రహణం మొర్రి పట్టె" అంది. ఆమె బాప్తిస్మం తీసుకొని ఎన్నో ఏళ్లయినా గ్రహణాన్ని మాత్రం వదిలిపెట్టలేదు.

నాకు గ్రహణం మీద నమ్మకం లేదు, పుట్టు క్రైస్తవురాలినని కాస్త గర్వం కూడా ఉండేది. అయినా నేను పడ్డ గుంట అంతకంటే లోతు! మనుషులంతా పాపంలోనే పుడతారని చిన్నప్పటినుంచీ ఆదివారపు బళ్లో విన్నాను గదా, ఆ మాట పట్టుకొని, మా వంశంలో ఎవరి పాపమో పోగై నా బిడ్డ మూతిమీద పడిందని, ఇది దేవుడు వేసిన శిక్షేనని తీర్మానం చేసుకున్నాను. మా పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి, నెల్లూరు ఆసుపత్రిలో ఇలాంటి పెదవులు కుట్టి బాగుచేస్తారమ్మా అన్నారు. నా భర్త బయల్దేరదామన్నాడు. నేనే ఒప్పుకోలేదు. దేవుడు చీల్చినదాన్ని మనుషులు కుట్టొచ్చా అని మొండికేశాను. బిడ్డకేమో రొమ్ము పట్టడం రాదు, పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోస్తే సగం బయటికే కారిపోయేవి, వాడు రోజురోజుకీ చిక్కిపోతున్నాడు, నేను పక్కన కూర్చొని "ప్రభువా, ఆ శిక్షేదో నాకు వెయ్యి, వీణ్ణి విడిచిపెట్టు" అని ఏడుస్తున్నాను. వాడికి పేరు కూడా పెట్టనివ్వలేదు.

అట్లా ఉండగా క్రిస్మసు వచ్చింది. మా గుడిలో ఒక వాడుక ఉంది. ప్రభువు పశువుల తొట్టిలో పడుకున్న గుర్తుగా, ఆ యేడు సంఘంలో అందరికంటే చివర పుట్టిన బిడ్డని ఆరాధన మధ్యలో వరిగడ్డి పరిచిన తొట్టిలో పడుకోబెడతారు. ఆడబిడ్డయినా సరే, ఆ పూటకి బాలయేసే. ఆ యేడు చివర పుట్టినవాడు మా వాడే!

నేను వాడి మూతిదాకా గుడ్డ కప్పి వెనక గోడకి ఆనుకొని కూర్చున్నాను. సంఘపెద్ద ఒకాయన లేచి, "అయ్యగారూ, ఈసారికి వేరే బిడ్డని పెడదాం, చూసేవాళ్లకి బాగుండదు గదా" అన్నాడు. నాకు కోపం రాలేదు సుమా, హమ్మయ్య అనుకున్నాను.

అయ్యగారు ఊరుకోలేదు. "ఏందన్నా బాగుండంది? ఆదాము కాణ్ణుంచి వచ్చిన పాపం మనందరికీ సమానమే గదా. పెదవి బాగుండే బిడ్డల కాడికి అది రాకుండా పోయిందా? నీ కాడికి, నా కాడికి రాకుండా పోయిందా? మనం బాగుండామని దేవుడు ఈ ఒళ్లు తొడుక్కొని రాలేదన్నా, బాగలేమనే వచ్చినాడు. ఆ బిడ్డకి చోటు లేని తొట్టి మనకెందుకు, తీసి బయట పెట్టండి" అన్నారు.

అప్పుడు లేచింది మా అత్త! నా ఒళ్లోంచి బిడ్డని లాక్కుంది, మూతిమీది గుడ్డ తీసి పారేసింది, "నా మనవడికేం తక్కువ, జరగండయ్యా" అంటూ అందరి మధ్యనుంచి నడిచి వెళ్లి తొట్టిలో పడుకోబెట్టింది. గడ్డి గుచ్చుకొని వాడు గుడి ఎగిరిపోయేట్టు ఏడ్చాడు. ఆ ఏడుపు వింటుంటే నాకు తెలిసివచ్చింది, నా ప్రభువు కూడా ఇట్లాగే ఏడ్చి ఉంటాడు గదా, ఇట్లాగే పాలకోసం వెతుక్కొని ఉంటాడు గదా! పాపం ఒక్కటి తప్ప మనకున్న కష్టమంతా ఒంటిమీదికి తెచ్చుకున్నాడే! నా బిడ్డని కొట్టాలనుకున్నవాడు ఆ గడ్డిలోకి వచ్చి పడుకుంటాడా? "ప్రభువా, నువ్వు వీణ్ణి కొట్టలేదు, వీడి పక్కకే వచ్చావు" అని అక్కడే మోకరించాను. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

పండగ మర్నాడే నెల్లూరు బస్సెక్కాం. డాక్టరమ్మ పాలు పట్టే పద్ధతి నేర్పించి, బిడ్డ ఒళ్లు చేశాక రమ్మని, ఆ తరువాత పెదవి చక్కగా కుట్టింది. దేవునికే మహిమ! దేవుడు మనకు తోడు అని అర్థమొచ్చేట్టు ఇమ్మానుయేలని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు బడికి వెళుతున్నాడు. పెదవిమీద సన్నటి గీత మిగిలింది, ఆ గీతని ముద్దు పెట్టుకోనిదే మా అత్త వాణ్ణి గుమ్మం దాటనివ్వదు. గ్రహణం సంగతి ఎత్తితే మాత్రం మాట మార్చేస్తుంది!

మొన్న క్రిస్మసుకి తొట్టిలో గడ్డి పరిచే పని వాడే అడిగి తీసుకున్నాడు. గట్టి పుల్లలన్నీ ఏరి పారేస్తుంటే ఎందుకురా అన్నాను. "బిడ్డకి గుచ్చుకుంటాయి గదమ్మా" అన్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

సహోదరులారా, దేవుడికి చూపించడానికి సిగ్గుపడి మీరు గుడ్డ కప్పి దాచుకున్నది ఏదైనా ఉంటే, ఈ పూటే ఆయన ముందుకి తీసుకురండి. ఆయన మన దగ్గరికి వచ్చేసి చాలా కాలమైంది, మనమే వెనక గోడకి ఆనుకొని కూర్చున్నాం. ఎవరైనా అడ్డమొస్తే, మా అత్తలాగా జరగండయ్యా అని చెప్పి నడిచి రండి. ఆమేన్.