ఒకే తాడుకు ఇద్దరు పల్నాటివాళ్ళం

హెలికాప్టర్ నన్ను మంచులో దించి, రెక్కలు ఆపకుండానే వెళ్ళిపోయింది. ఉదయం ఏడున్నర. ఎండ కాస్తోంది, చలి మాత్రం మైనస్ ఇరవై. మాచవరం ఎండల్లో పెరిగిన ఒళ్ళు నాది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో బుర్రకెక్కలేదు. ఫైబర్ గుడిసె ఒకటి, కిరోసిన్ స్టవ్ ఒకటి, రేడియో ఒకటి, ఎనిమిది మందిమి. సరిహద్దులో మా సైనిక పోస్టంటే అంతే.

సుబేదార్ సాబ్ నా కాగితాలు చూశాడు. "పల్నాడా? మా రేడియో ఆపరేటరుదీ అదే. ఇద్దరూ ఒకే తాడు," అన్నాడు హిందీలో. అక్కడ గుడిసె దాటితే ఇద్దరిద్దరు నడుములకు తాడు కట్టుకునే నడవాలి. మంచు కింద పగుళ్ళుంటాయి. ఒకడు పడితే రెండోవాడు ఆపాలి. ఒకే ప్రాంతం వాళ్ళయితే ఒకరి కోసం ఒకరు ప్రాణం పెడతారని సాబ్ నమ్మకం. ఆయన పల్నాడు చూడలేదు పాపం.

రేడియో ఆపరేటరుది మా ఊరే. కాలనీలో చర్చి పక్క ఇల్లు. పంచాయతీ ఎన్నికల గొడవలో మా నాన్న మనుషులను పంపి వాళ్ళ నాన్న కాలు విరగ్గొట్టించాడు. కేసు రాజీ అయింది. కాలు మాత్రం వంకరగా అతుక్కుంది. ఆ ఇంటివాడి చేతిలో ఇప్పుడు నా తాడు! నిజం చెప్తున్నాను, శత్రువు తుపాకీ కన్నా అతనంటేనే నాకు భయం వేసింది.

మొదటి రోజు బయటికి వెళ్ళేముందు అతను నా ముడి లాగి చూశాడు. తర్వాతే తనది. మర్నాడూ అంతే. రోజూ అంతే. మాట మాత్రం లేదు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఒరేయ్, నా మీద కోపం లేదేంట్రా నీకు?"

"ఎందుకు లేదు? చానా ఉంది." ఊళ్ళో అయితే నా ముఖం చూసి ఆ మాట అనేవాడు కాదు.

"మరి నా ముడి చూస్తావేంది?"

"పగోణ్ణి ప్రేమించమని చిన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం వింటానే ఉన్నా. ఆమెన్ అనటం, ఇంటికొచ్చి అన్నం తినటం. ఇన్నాళ్ళకి చేసి చూట్టానికి నువ్వు దొరికావు."

"ప్రేమ వచ్చిందా మరి?"

"యాడొచ్చిద్ది, నీ మొహం చూస్తే! ముడి చూట్టం వచ్చుగా. ముందు అది చేస్తన్నా."

పకపకా నవ్వాను. అతనూ నవ్వాడు. ఆ రోజు నుంచి మాటలు కలిశాయి. మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి స్టవ్ మీద కరిగించుకుని ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాం.

ఒకనాడు కింది పోస్టు నుంచి కిరోసిన్ క్యాన్లు తెస్తున్నాం. పది దాటింది. గాలి లేచింది. నా ముందు నడుస్తున్నవాడు ఉన్నట్టుండి లేడు. తాడు నన్ను బోర్లా పడేసి పగులు వైపు ఈడ్చింది. మంచు గొడ్డలి దిగ్గొట్టి ఆగాను. రేడియో అతని దగ్గరే ఉంది. కింద నుంచి రేడియోలో చెప్తున్న గొంతు వినబడింది.

"సాబ్, పగుల్లో పడ్డాను. మావాడు పట్టుకున్నాడు."

మావాడు అన్నాడు. ఆ మాటకు కళ్ళల్లో నీళ్ళొచ్చి అక్కడే గడ్డకట్టాయి.

"ఒరేయ్, ఉన్నావా?" అని అరిచాను.

"ఉన్నా. నువ్వు గూడా జారేటట్టుంటే తాడు కోసెయ్. ఇద్దరం ఎందుకు?"

"నోర్మూసుకో."

కాసేపటికి, "కాళ్ళు తెలవట్లేదురా," అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. గాలి వల్ల సాయం రావడానికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. పైకి లాగేసరికి ఊపిరి లేదు. నేను తాడు వదల్లేదు. అయినా అతను దక్కలేదు. నలుగురి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

శవపెట్టెతో పాటు నన్నే పంపారు. నరసరావుపేట మీదుగా ఊరు చేరాం. కాలనీ సమాధుల దొడ్డిలో నాపరాళ్ళు పెకలించి గొయ్యి తవ్వారు. పాస్టరు గారు ప్రార్థన ముగించారు. ఒక్కొక్కరూ గుప్పెడు మట్టి వేస్తున్నారు. అప్పుడు చూశాను, రోడ్డు మీద మా నాన్న. వచ్చాడు గానీ లోపలికి అడుగుపెట్టలేక నిలబడిపోయాడు.

"ఆయన్ని ఎవుడు రమ్మన్నాడు?" అంటూ పోయినవాడి తమ్ముడు రోడ్డు వైపు దూసుకెళ్ళాడు. ఇంకో శవం లేస్తుందనుకున్నాను.

"ఆగరా," అన్నాడు వాళ్ళ నాన్న. "ప్రతి ఆదివారం విన్నది చాలు. ఇయ్యాల చెయ్యాల. నన్ను పోనీ."

వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. అందరూ చూస్తుండగా రోడ్డు దాకా నడిచాడు. మా నాన్న చెయ్యి పట్టి తెరిచి, అందులో మట్టి పోశాడు.

"నీ కొడుకు పట్టుకున్న పిల్లోడేనయ్యా. నువ్వు గూడా వెయ్యి."

మా నాన్న వేశాడు. మళ్ళీ ఆ ఊళ్ళో ఎవరి కాలూ విరగలేదు.

నేను ఉద్యోగం వదిలి వచ్చేశాను. మంచు ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతారు. నాకిప్పుడు మంచు గుర్తు రాదు. గుప్పెట్లో కొడుకు సమాధి మట్టి పట్టుకుని, మేం విరగ్గొట్టిన కాలు ఈడ్చుకుంటూ, మా నాన్న దగ్గరికి నడిచి వస్తున్న ఆ మనిషే కనబడతాడు.