టైపు మేడమ్ నా చేతులు కట్టించిన రోజు

మొన్న భద్రాచలం నుంచి ఖమ్మం వస్తున్న బస్సులో, మిరపకాయ బస్తాల ఘాటు మధ్య, నా ముందు సీటు పెద్దమనిషి ఫోను నోటి దగ్గర పెట్టుకొని వియ్యంకుడికి ఉత్తరం చెబుతున్నాడు. ఆయన చెబుతుంటే ఫోను రాసుకుంటోంది. ఇంటిల్లిపాదికీ జ్వరాలనీ, మంచం దిగే ఓపిక లేదనీ, పెండ్లికి రాలేమనీ ఆయన చెప్పిన గొంతు పాల్వంచ దాటి కొత్తగూడెం దాకా వినిపించి ఉంటుంది. అది జ్వరమున్న మనిషి గొంతు కాదని కండక్టరుతో సహా బస్సంతటికీ తెలిసిపోయింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాకముందే చేతులు వాటంతటవే కట్టుకుపోయాయి. ఎవరైనా యంత్రానికి మాట చెబుతుంటే నా చేతులకు అదొక అలవాటు. ఆ అలవాటు చేసినావిడ పేరు భాగ్యలక్ష్మి గారు.

ఆమెను ఆ పేరుతో పిలిచిన మనిషిని నేను చూడలేదు. ఏన్కూరు నుంచి తల్లాడ దాకా, ఇటు అడవి అంచు గూడేల దాకా ఆమె టైపు మేడమే. ఒకప్పుడు మా ఏన్కూరులో టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపారు. మిషన్లు మూలబడ్డాక అదే గదిలో రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను పెట్టి జనానికి దరఖాస్తులు రాసిచ్చే దుకాణం చేశారు. నేను మొదట ఆమె శిష్యుణ్ణి, తరువాత ఆమె కొలువులో మనిషిని. పాఠం చెప్పేటప్పుడు మా వేళ్ళ మీద తువ్వాలు కప్పేవారు. చూపు కాగితం మీద ఉండాలి, వేళ్ళు వాటి ఇండ్లలో అవే తిరగాలి అనేవారు. తువ్వాలు ఎత్తి తొంగిచూసినవాడి మెడ మీద స్కేలు పడేది. ఆ స్కేలు భయానికి ఆ గది గోడ మీది బల్లి కూడా తల దించకుండా నడిచేదంటే మీరు నమ్మరు, కాని నేను చూశాను.

అంత శిక్షణలో తేలినవాణ్ణి కాబట్టి నా వేగం సామాన్యమైంది కాదు. నేను టైపు కొట్టడం మొదలుపెడితే ఎదురు హోటలు ఆయన వాన వచ్చిందనుకొని బయట ఆరేసిన తువ్వాళ్ళు లోపలికి తీసేవాడు. నాలుగు మండలాల్లో నన్ను మించిన వేళ్ళు లేవని నాకు గట్టి నమ్మకం. ఉన్నాయేమోనని ఎప్పుడూ వెతకలేదు, అది వేరే సంగతి. మేడమ్ మాత్రం నా వేగాన్ని ఒక్కసారీ మెచ్చుకోలేదు.

"నీది మహా స్పీడు తమ్మీ," అనేవారు. "వచ్చినోళ్ళు నోరు తెరువకముందే దరఖాస్తు అయిపోతది."

నేను దాన్ని మెప్పుదల కింద జమ కట్టుకున్నాను.

తరువాత మేడమ్ చేతులకే కీళ్ళవాతం వచ్చింది. వందల మందికి టైపు నేర్పిన వేళ్ళు ఎండిన అల్లం కొమ్ముల్లా ఒకదాని మీదికొకటి మెలి తిరిగాయి. తిరగని దవాఖానా లేదు, తాగని కషాయం లేదు. దుకాణం మానలేదు. పొద్దున్నే వచ్చి, చేతులు ఒడిలో పెట్టుకొని, నా కీబోర్డు చప్పుడు వింటూ కూర్చునేవారు. నేను మరింత జోరుగా కొట్టేవాణ్ణి. ఆ చప్పుడు ఆమెకు ఎలా వినిపిస్తుందో ఆలోచించే తీరిక నా వేగానికి లేకపోయింది. ఈ ఒక్క విషయంలో నేనేమీ పెంచి చెప్పడం లేదు.

ఒకనాడు కూరగాయలమ్మే మల్లమ్మ మా అరుగు మీద కూర్చొని ఫోనుకు నోటితో చెప్పి పాట పెట్టించుకుంది. మేడమ్ ఆ ఫోను వంక చాలాసేపు చూశారు. అక్షరం రాని మల్లమ్మ మాట విన్నది, అంత మందికి అక్షరాలు నేర్పిన నా మాట వినదా అన్నారు. మర్నాడే ఖమ్మం బస్సెక్కి మైకు కొనుక్కొచ్చారు. అది మే నెల. ఫ్యాను చప్పుడు మైకులో పడుతోందని ఫ్యాను ఆపేశారు. ఆటోల హారన్లు పడుతున్నాయని తలుపు మూశారు. ఆ గదిలో ఆనాడు జొన్నరొట్టె పెడితే పెనం అక్కర లేకుండానే కాలేది. పెన్సిలును పిడికిట్లో ఇరికించుకొని దాని వెనక కొసతో మీట నొక్కి, ఒకప్పుడు మాకు పాఠం చెప్పిన గొంతుతో, వెలగని వీధి దీపం గురించి ఒక అర్జీ చెప్పారు. తెర మీద అక్షరాలు బారులు కట్టి వచ్చాయి. అర్జీ పూర్తయ్యాక, క్లాసులో ఫస్టు వచ్చిన పిల్ల తల నిమిరినట్టు, వంకర వేళ్ళతో ఆ మైకు తల నిమిరారు. ఆమె ముఖం అంత వెలుగుతుండగా ఊరికి వీధి దీపం ఎందుకో నాకర్థం కాలేదు. అదే నిమిషంలో నాకు కడుపు కూడా మండింది. వేళ్ళు లేకుండా టైపు అయిపోతే నేనేం కావాలి?

ఆ మంటలోనే, ఇంకా వేగంగా పని చేసి చూపించాలన్న పట్టుదలలోనే, నేను జీవితంలో అతి పెద్ద ఘనకార్యం చేశాను. అడవి అంచున ఉన్న ఒక కోయగూడెం నుంచి పదకొండు కుటుంబాల వాళ్ళు పోడు భూముల పట్టాలకు దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చారు. అడవి కొట్టి తరాలుగా సాగు చేసుకుంటున్న చేలు అవి. ఎన్నాళ్ళుగా ఎలా చేస్తున్నారో వివరంగా రాయాలి. పెద్దవాళ్ళు చెప్పిన మాటను కాగితం మీద పెడితే అదీ సాక్ష్యమే. మేడమ్ ఆ రోజు దవాఖానాకు వెళ్ళారు. నేను మొదటివాణ్ణి రెండు ముక్కలు అడిగాను. మిగతాది నా ప్రతిభ. తాతగారు వాగు ఒడ్డున అడవి కొట్టాడు, పెద్దపులి ఎడ్ల మీద పడింది, తాతగారు గొడ్డలితో దాన్ని తరిమి మరీ ఆ భూమిని చేను చేశాడు అని రాశాను. చదువుకుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. అంత మంచి పులిని ఒక్క దరఖాస్తుతో వదిలేయడానికి మనసొప్పలేదు. పేర్లు మార్చి, మిగతా పది దరఖాస్తులకూ అదే పులిని పంపించాను. గంటలో పదకొండూ అయిపోయాయి.

పది రోజుల తరువాత పదకొండు మందీ కాగితాలతో తిరిగొచ్చారు. పదకొండు మంది తాతలు ఒకే వాగు ఒడ్డున ఒకే పులిని కొట్టారా అని ఆఫీసరు అడిగాడట. కల్లబొల్లి దరఖాస్తులని పక్కన పెట్టబోయి, మూడో రోజు గూడెంలో జరిగే గ్రామసభకు వేరే వాంగ్మూలాలు తెస్తే చూస్తానన్నాడట. అదే ఆఖరు గడువు. అది దాటితే అటవీ శాఖ వాళ్ళు ఆ చేలలో మొక్కలు నాటడానికి గుంతలు తవ్వేస్తారు. అందరికన్నా ముందు నిలబడ్డది ముత్తమ్మ అవ్వ. ఆ గూడెంలో ఆమే పెద్ద వయసు మనిషి. కోపంగా లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మా తాత గోదారి అవతలి ఊరాయన సారూ. ఈ చేను ముఖమే సూడలే. మరి పులినెప్పుడు కొట్టిండు?"

ఆ చేను ఆమె పుట్టింటిది కాదు, అత్తింటిది. ఆ మాత్రం కూడా నేను అడగలేదు. ఇరవై రెండు కండ్లు నా మీద ఉన్నాయి. నా వేళ్ళు మొదటిసారి వాటి ఇండ్లు మరిచిపోయాయి. మేడమ్ దరఖాస్తులు ఒక్కొక్కటే చదివారు. స్కేలు కోసం చూస్తారనుకున్నాను. స్కేలు పడితే ఎంత బాగుండేదో. పదకొండోది పక్కన పెట్టి, మైకు తీసి అవ్వ ముందు పెట్టారు.

"చేతులు కట్టుకొని గోడ పక్కకు కూసో తమ్మీ. కీబోర్డు ముట్టకు. ఇయ్యాల నువ్వు వినుడే పని."

ఆ మధ్యాహ్నం చేసినంత కష్టమైన పని నేను మళ్ళీ చేయలేదు. అవ్వ తెలుగులోనే మొదలుపెట్టింది. కొత్త కోడలిగా వచ్చి ఆ చేలో రాళ్ళు ఏరింది. ఏరిన రాళ్ళతోనే గట్టు వేసింది. పెద్ద కొడుకు ఆ చేలోనే ఇప్పచెట్టు కింద పుట్టాడు, ఆనాడు కోస్తున్నది కొర్రలు. మధ్యలో కోడి సంగతి వచ్చింది. ఆడబిడ్డ అలక వచ్చింది. దాన్నంతా కత్తిరించి మూడు వాక్యాలు చేయాలని నా వేళ్ళు చంకల్లో కప్పల్లా ఎగిరాయి. నేను పైకి లేవబోయిన ప్రతిసారీ మేడమ్ నా వైపు చూడకుండానే పెన్సిలు అడ్డం పెట్టారు. ఒక్కో ముక్క కాగానే తెర మీదిది చదివి వినిపించేవారు. అవ్వ అవ్ అంటేనే ముందుకు. కాదంటే ఆ ముక్క చెరిపి మళ్ళీ చెప్పించుకునేవారు.

ఆ యంత్రానికి ఒక గుణముంది. మాట ఆగితే కాసేపు చూసి తన చెవి తను మూసుకుంటుంది. అవ్వ ఒకచోట ఆగిపోయింది. తెర మీది మైకు బొమ్మ ఆరిపోయింది. మేడమ్ పెన్సిలు కొసతో మీట నొక్కారు. మళ్ళీ ఆరిపోయింది, మళ్ళీ నొక్కారు. నేనైతే ఈపాటికి ఫుల్‌స్టాప్ పెట్టి ప్రింటు తీసి, ఎదురు హోటల్లో టీ కూడా తాగేవాణ్ణి.

"దానికి ఓపిక లేదు తీయి అవ్వా," అన్నారు మేడమ్. "నాకున్నది. నువ్వు సోంచాయించుకొని చెప్పు."

ఎన్నిసార్లు నొక్కారో లెక్క పెట్టలేదు. చివరికి అవ్వ గొంతు విప్పింది, ఈసారి కోయలో. పోయినవాళ్ళ సంగతి ఆమెకు తెలుగులో రాదట. అవ్వకు తోడొచ్చి అరుగు మీద ఉన్న కోడలు లోపలికొచ్చి, పక్కన కూర్చొని ఒక్కొక్క మాటా తెలుగు చేసి మైకుకు చెప్పింది. ఆ గూడెంలో మనిషి పోతే గుర్తుగా రాయి నిలబెడతారు. ఆ చేను గట్టు తూర్పు కొసన మూడు రాళ్ళున్నాయి. ఎత్తైనది మామగారి తండ్రిది. పక్కది మామగారిది. చిన్నది ఆమె భర్తది. పండగ వచ్చినప్పుడల్లా కొత్త ధాన్యం ముందు అక్కడ పెట్టి, తరువాతే వాళ్ళు తింటారు. పట్టా కోసం ఈ మాట చెప్పాలో వద్దో, పోయినవాళ్ళను ఆఫీసుకు సాక్ష్యానికి పిలిస్తే తప్పవుతుందో ఏమో అనే ఆమె అంతసేపు ఆగింది.

మూడు తరాలు ఆ గట్టు మీద నిలబడి ఉన్నాయి. నేను వాళ్ళకు బదులు ఒక పులిని నిలబెట్టాను.

మిగతా పదిమందీ ఆ రోజూ మర్నాడూ చెప్పారు. పది రకాలుగా చెప్పారు. ఒకరిది బావి, ఒకరిది కాలిపోయిన పాక, ఒకరికైతే నిజంగానే ఎలుగుబంటి చేసిన గాయం భుజం మీద ఉంది. ఆయన దరఖాస్తులో కూడా నేను పులినే రాశాను.

సభనాడు ఆఫీసరు మా కాగితాల కట్ట చూసి, ఈసారి ఏ మృగమని అడిగాడు. జనంలో నవ్వు లేచింది. నేను మేడమ్ వెనక, కనపడకుండా, నా శరీరానికి సాధ్యమైనంత సన్నగా నిలబడ్డాను. ఆయన ముత్తమ్మ అవ్వ కాగితం పైకి చదవడం మొదలుపెట్టాడు. కోడి దగ్గర ఆయనే నవ్వాడు. ఇప్పచెట్టు దగ్గర గొంతు తగ్గింది. రాళ్ళ దగ్గర చదవడం ఆపి లేచి, ఆ చేను ఎటని అడిగాడు. గూడెం మొత్తం ఆయన వెంట నడిచింది. ఊరేగింపుల్లో నేను చూసిన జనం దానిముందు ఒక లెక్క కాదు. గట్టు తూర్పు కొసన మూడు రాళ్ళు, అవ్వ చెప్పిన వరసలోనే ఉన్నాయి. ఆఫీసరు చెప్పులు విడిచి కాస్త దూరంలో ఆగాడు. అక్కడే నిలబడి కాగితం మీద సంతకం పెట్టి, మిగతా పది చేలు కూడా చూడాలి, జల్దీ నడవండి అన్నాడు. సాయంత్రానికి పదకొండుకు పదకొండూ ఒప్పుకున్నాడు. డప్పులు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలియదు. మేడమ్ చేతులు దరువు వేయలేవు కాబట్టి తల ఊపారు. ఆ తల ఊపుడుకు అడవి అంతా ఊగిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

పట్టాలు చేతికొచ్చిన వారం ముత్తమ్మ అవ్వ దుకాణానికి వచ్చింది. పట్టాకు లామినేషన్ కావాలేమోనని చెయ్యి చాపాను. ఆమె తీసింది పట్టా కాదు, తను చెప్పిన మాటల కాగితం. పట్టా సంగతేమిటని అడిగితే, అది పెట్టెలో ఉన్నదని చెప్పింది.

"అది సర్కారు కాయితం బిడ్డా. ఇది నాది."

మేడమ్ నా వైపు చూశారు. ఆ చూపులో స్కేలు లేదు. ఆ రోజే కంప్యూటరులో నా పాత దరఖాస్తు నమూనాలన్నీ చెరిపేశాను, పులితో సహా.

మేడమ్ పోయి నాలుగేండ్లయింది. దుకాణం నేనే నడుపుతున్నాను. ఇప్పటికీ జనం వచ్చి, మీరే ఏదో ఒకటి మంచిగ రాయండి సారూ అంటారు. నేను మైకును వాళ్ళ వైపు తిప్పుతాను. మొదట సిగ్గుపడతారు, తరువాత ఆపడం కష్టం. నిన్న ఒక రైతు కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు గురించి అర్జీ చెప్పడానికి కూర్చొని, ఎండిన మడి నుంచి మొదలుపెట్టి, బావమరిది దుర్మార్గాల మీదుగా, మధ్యాహ్నం భోజనాల వేళకు ట్రాన్స్‌ఫార్మరు చేరుకున్నాడు. అంతా రాయించాను, చదివి వినిపించాను, అవ్ అన్నాక ప్రింటు తీశాను. బావమరిదికి సంబంధించిన మూడు పేరాలు తీసేద్దామా అని మాత్రం అడిగాను. ఆయన ఆలోచించుకుంటానన్నాడు. ఆలోచించుకోనిచ్చాను.