మొదటి గది కూర్చోమ్మ

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. జీతం చీటీ మీద తప్ప ఆ పేరు ఇంకెక్కడా పనికి రాలేదు. యూనివర్సిటీ పిల్లలందరికీ ఆమె కూర్చోమ్మ. తలుపు తోసుకుని ఎవరొచ్చినా ఆమె నోట వచ్చే మొదటి మాట "కూర్చోమ్మా" అన్నదే. ఆడపిల్లలకీ అదే, మగపిల్లలకీ అదే. ఒకసారి ఫ్యాను బాగుచెయ్యడానికి నిచ్చెన భుజాన వేసుకొచ్చిన ఎలక్ట్రీషియన్ని కూడా కూర్చోమంది. పాపం అతను నిచ్చెనతో సహా కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాడు.

యూనివర్సిటీ ఆరోగ్యకేంద్రంలో డాక్టర్లు కింద ఉండేవారు. మెట్లెక్కి పైకి వెళ్తే వరండా పక్కన రెండు గదులు. ఆ గదులు జబ్బు చేసినవాళ్ళకి కాదు, మామూలుగా తిరుగుతున్నవాళ్ళకి. పిల్లలు ఎలా నిద్రపోతున్నారు, వేళకి తింటున్నారా, మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఎవరైనా ఉన్నారా, దేనికి బెంగపడుతున్నారు అని ఏటేటా అదే పిల్లల్ని పిలిచి అడిగేవారు. చదువు వాళ్ళ ఒంటినీ మనసునీ ఏం చేస్తోందో తెలుసుకోవాలని ఒక ప్రొఫెసరమ్మ మొదలుపెట్టిన పరిశోధన అది. మొదటి గది కూర్చోమ్మది. రెండో గదిలో ఒక పొడుగాటి మనిషి పనిచేసేవాడు. అతనికి గోడగడియారం అని పేరు పెట్టింది కూర్చోమ్మే. తన పని తను చేసుకుపోతాడు, గంట కొట్టమంటే తప్ప మోగడు.

పని పద్ధతి రెండు గదుల్లోనూ ఒకటే. వచ్చిన విద్యార్థి ముందు ప్రశ్నల కాగితం తనంతట తాను నింపాలి. తరవాత ఐదు నిమిషాలు మాటా పలుకూ లేకుండా కూర్చోవాలి. అప్పుడు చేతికి పట్టీ కట్టి బీపీ చూడాలి, బరువు చూడాలి. కాగితం అడుగున మనసు ఎంత బరువుగా ఉందో అడిగే ప్రశ్నలు కొన్ని ఉండేవి. వాటిలో కుడి చివర గళ్ళల్లో టిక్కులు పడితే, ఆ విద్యార్థిని ఆ రోజే కింద కౌన్సెలింగ్ డాక్టరు దగ్గరికి పంపాలి.

రెండో గది నుంచి వారానికి ఒకరిద్దరైనా కిందికి వెళ్ళేవారు. మొదటి గది నుంచి వెళ్ళేవారు బహు అరుదు. అది కూర్చోమ్మకి గొప్ప.

"మా గది పిల్లలు దిట్టలయ్యా," అనేది గోడగడియారంతో. "నీ మొహం చూసే నీ గది పిల్లలు డీలా పడిపోతున్నారు. కాస్త నవ్వితే నీ సొమ్మేం పోతుంది?"

"నవ్వడం పద్ధతిలో లేదక్కా," అనేవాడతను, బీపీ పట్టీ మడతపెడుతూ.

అసలు సంగతేమిటంటే, మొదటి గదిలో పద్ధతి తిరగబడి చాలా కాలమైంది. పిల్లలు క్లాసు నుంచో పరీక్ష నుంచో పరుగున మెట్లెక్కి రొప్పుతూ వచ్చేవారు. అలా వచ్చిన మనిషి చేతిలో కాగితం పెడితే ఏం రాస్తాడు, నా తలకాయ అనుకుంది కూర్చోమ్మ. ముందు కూర్చోబెట్టి గ్లాసుడు నీళ్ళిచ్చేది. అమ్మ ఫోన్ చేసిందా, పక్క మంచం పిల్ల గురక తగ్గిందా అని అడిగేది. వాళ్ళు నవ్వాక, మొహాలు తేటపడ్డాక, అప్పుడిచ్చేది కాగితం. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. గుమ్మంలో కాళ్ళు తుడుచుకున్నామని ఎవరికైనా చెబుతామా?

ఒక ఏడాది ప్రొఫెసరమ్మ లెక్కలు చూసుకుంటే తేడా కనబడింది. ఎవరు ఏ గదికి వెళ్ళాలో చీటీలు వేసే నిర్ణయించారు, ఏరి పంపింది కాదు. అయినా మొదటి గది పిల్లలు హాయిగా ఉన్నారు, రెండో గది పిల్లలు బెంగగా ఉన్నారు. ఒక ఉదయం ఆవిడ మొదటి గదికి వచ్చి మూలన స్టూలు మీద కూర్చుని చూసింది. ఒక కుర్రాడు వచ్చాడు, నీళ్ళు తాగాడు, వాళ్ళ వార్డెన్‌ని అనుకరించి చూపించి నవ్వించాడు, ఆ తరవాత కాగితం నింపి వెళ్ళాడు.

"కాగితం ఎప్పుడూ ఇలా తరవాతే ఇస్తారామ్మా?"

"అవును మేడమ్. ముందిస్తే పాపం రొప్పుతూ రాస్తారు. చేతిరాత కూడా బాగుండదు."

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నాకు కావలసింది ఆ రొప్పుతూ రాసిందేనమ్మా. జ్వరం చూడకముందే మాత్ర వేసేస్తే థర్మామీటరు ఏం చెబుతుంది?"

"పిల్లలకి మంచి చెయ్యడం తప్పా మేడమ్?"

"మంచి చెయ్యడం తప్పు కాదు. చేశాక కొలవడం తప్పు."

ఆ ఏడాది మొదటి గది కాగితాలన్నీ పక్కన పెట్టేశారు. ఇంకా రావలసిన పిల్లలు సగం మంది ఉన్నారు. వాళ్ళని పద్ధతి ప్రకారం కొలవాలి. అప్పటికీ రెండు గదుల మధ్య తేడా పోకపోతే కూర్చోమ్మని నేలమాళిగలోని నమూనాల గదికి మార్చక తప్పదని ప్రొఫెసరమ్మ మెల్లగానే చెప్పింది. ఆ గదిలో గోడ పొడుగునా ఫ్రీజర్లు, వాటినిండా కింద డాక్టర్లు తీయించిన నెత్తురు సీసాలు. మనిషన్నవాడు రాడు. అక్కడ "కూర్చోమ్మా" అంటే పలికే దిక్కుండదు.

కూర్చోమ్మ ఇంటికొచ్చి కూలబడింది. ఆమె భర్త దర్జీ. ముందుగదే దుకాణం. మెడలో టేపు, నోట్లో గుండుసూది. అంతా విని సూది తీసి దిండుకి గుచ్చాడు.

"నువ్వు? నోరు మూసుకుని? కుక్కరు కూత వెయ్యడం మానేస్తే పేలుద్దే."

"నా ఏడుపు నేనేడుస్తుంటే మీకు వేళాకోళంగా ఉందా?"

"వేళాకోళం కాదు, విను. కొలత తీసేటప్పుడు కొందరు కడుపు లోపలికి లాక్కుంటారు. ఆ కొలతకి చొక్కా కుట్టామనుకో, అద్దం ముందు బ్రహ్మాండంగా ఉంటుంది. ఊపిరి వదిలాడా, గుండీ ఎగిరొచ్చి ఎదుటివాడి కంట్లో పడుతుంది. నువ్వు వచ్చిన ప్రతి పిల్లాడి కడుపూ నిమిరి, లోపలికి తోసి, అప్పుడు కొలుస్తున్నావు. మీ మేడమ్ కుట్టే చొక్కా ఎవరికి పడుతుంది చెప్పు?"

ఆమెకు కోపం వచ్చింది. కాసేపటికి కోపం నవ్వయింది. అప్పటికప్పుడు సాధన మొదలైంది. ఆయన విద్యార్థి, ఆమె మాట్లాడకూడదు. ఆయన కుర్చీలో చేరగిలబడి పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"అయ్యో, పరీక్ష పోయింది." ఆమె పలకలేదు.

"హాస్టల్లో నీళ్ళు రావట్లేదు." ఆమె పెదాలు బిగించింది.

"మా ఆవిడ నాతో మాట్లాడట్లేదు."

"అంతకంటే అదృష్టమా మీకు!" అనేసింది కూర్చోమ్మ.

"ఓడిపోయావు. మళ్ళీ మొదట్నుంచి," అన్నాడాయన.

ఆ మరుసటి వారం గదిలోకి ఒక అమ్మాయి వచ్చింది. కిందటేడు ఇదే కుర్చీలో ఊగుతూ పకపకా నవ్విన పిల్ల. ఈసారి కుర్చీ అంచున కూర్చుంది.

"బాగున్నారా ఆంటీ?"

"ఆఁ. ముందు ఇది రాయమ్మా."

"ఈ ఏడాది నీళ్ళివ్వరా?"

"తరవాత." ఆ ఒక్క మాట అని నీళ్ళ గ్లాసుని దూరంగా జరిపింది.

పిల్ల రాసి కాగితం బోర్లించింది. ఐదు నిమిషాల మౌనం మొదలైంది. ఆ పిల్ల తన మోకాళ్ళకేసి చూస్తోంది. కూర్చోమ్మ నాలుక ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంటోంది. ఆమె గోడకేసి చూసింది. గోడకి అటువైపు రెండో గది కూడా నిశ్శబ్దంగా ఉంది. ఇన్నేళ్ళూ అది ఆ మనిషి మొద్దుతనం అనుకుంది. అతను కూడా ఇలాగే పళ్ళబిగువున కూర్చుంటాడని అప్పటిదాకా తట్టలేదు.

బీపీ చూసింది, బరువు చూసింది. కాగితం తిప్పి అడుగున చూసింది. టిక్కులన్నీ కుడి చివర గళ్ళల్లోనే ఉన్నాయి.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎప్పటిలా నీళ్ళిచ్చి నాలుగు మాటలాడి ఉంటే ఈ పిల్ల నవ్వేది, ఎడమ చివర టిక్కులు పెట్టి మెట్లు దిగిపోయేది. నవ్వు మెట్ల చివరిదాకా ఉంటుంది. ఆ తరవాత? మా గది పిల్లలు దిట్టలని ఎన్నిసార్లు అందో, వాళ్ళలో ఎందరు దిట్టలో!

లేచి పిల్ల భుజం మీద చెయ్యి వేసి తలుపు బయటికి నడిపించింది. రెండు గదుల మధ్య వరండాలో పాత చెక్కబల్ల ఒకటి ఉంది.

"పనయిపోయింది. ఇప్పుడు కూర్చోమ్మా."

పిల్ల కూర్చుంది. నీళ్ళు తాగింది. గ్లాసు సగంలో ఉండగా ఏడ్చింది. రాత్రులు నిద్ర పట్టట్లేదు, క్లాసులకి వెళ్ళడం మానేసింది, ఇంట్లో చెప్పలేదు. కూర్చోమ్మ సలహాలేవీ ఇవ్వలేదు. "అలాగా తల్లీ" అంటూ విన్నది. ఏడుపు నెమ్మదించాక చెయ్యి పట్టుకుని తానే కింద కౌన్సెలింగ్ డాక్టరు గుమ్మందాకా దిగబెట్టింది.

అటునుంచి అటే ప్రొఫెసరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, పక్కన పెట్టిన నా కాగితాలు చింపెయ్యండి, నాకేం బాధ లేదు. ఆ పిల్లల్ని మాత్రం మళ్ళీ పిలిపించండి. కిందికి పంపాల్సినవాళ్ళకి నీళ్ళిచ్చి ఇంటికి పంపేశాను."

ప్రొఫెసరమ్మ పక్కన పెట్టిన కాగితాల కట్ట దగ్గరికి లాక్కుంది. "పిలుద్దాం. వాళ్ళు మళ్ళీ మీ గదికే వస్తారు. ఉండగలరా?"

"నోరు కుట్టించుకుంటాను మేడమ్. మా ఆయన దర్జీయే."

ప్రొఫెసరమ్మ పక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చి, కొలతంతా అయ్యాక బయట బల్ల మీద మాట్లాడుకోవచ్చా అని అడిగేసింది కూర్చోమ్మ.

"కొలత అయ్యాక మీ ఇష్టం. కానీ బల్ల రెండు గదుల పిల్లలకీ ఉండాలి. ఒక గదికే ఉంటే వచ్చే ఏడాది మళ్ళీ తేడా వస్తుంది."

అలా గోడగడియారం గది పిల్లలు కూడా పని అవగానే బల్ల దగ్గరికి రావడం మొదలైంది. మళ్ళీ పిలిచిన పిల్లల్లో కొందరు కిందికి వెళ్ళారు. మొదటి గది గొప్ప పోయింది. కూర్చోమ్మకి ఆ రాత్రుల్లో నిద్ర మాత్రం బాగా పట్టింది. టర్ము ముగిశాక ప్రొఫెసరమ్మ మెట్లెక్కి వచ్చి, రెండు గదులూ ఇప్పుడు ఒకే మాట చెబుతున్నాయని చెప్పింది. నమూనాల గదికి వేరే మనిషిని చూసుకున్నారు. గోడగడియారం ఆ సాయంత్రం తాళం వేసి, వెళ్ళకుండా వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

"అక్కా, నాకూ ఓ గ్లాసు నీళ్ళివ్వు," అన్నాడు. గంట కొట్టమనకుండా గడియారం మోగడం అదే మొదలు. వాళ్ళమ్మాయి చదువు దగ్గర మొదలెట్టి పంటినొప్పి దాకా చెప్పుకొచ్చాడు.

చెక్కబల్ల గట్టిగా ఉందని దర్జీ దూదిపరుపు కుట్టి ఇచ్చాడు. గలేబు మాసినప్పుడల్లా కొత్తది కుట్టేవాడు, చొక్కాలు కత్తిరించగా మిగిలిన ముక్కలతో. ఆ ముక్కల్లో తమ చొక్కా రంగు దొరికితే పిల్లలు సంబరపడేవారు. కూర్చోమ్మ రిటైరయ్యేదాకా ఆ పరుపు మీదే ఆమె సాయంత్రాలు గడిచాయి. నోరు మూసుకునే పని గదిలో, తెరిచే పని బల్ల మీద. ఈ రెండూ దొరికిన మనిషికి ఇంకేం కావాలి అనేది.

ఆమె పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మొన్న దర్జీ కొత్త గలేబు చంకన పెట్టుకుని ఆ మెట్లెక్కాడు, మధ్యలో రెండుసార్లు ఆగి. నోట్లో గుండుసూది పెట్టుకుని పరుపు అంచు కుడుతుంటే మొదటి గది తలుపు తెరుచుకుంది. పొడుగు జుట్టు కుర్రాడొకడు బయటికొచ్చాడు. మెట్లకేసి చూశాడు, బల్లకేసి చూశాడు, ఎటూ కదలలేదు.

దర్జీ జీవితమంతా మనుషుల్ని నిలబెట్టి కొలిచినవాడు. నోట్లోంచి గుండుసూది తీసి దారం ఉండకి గుచ్చాడు. కుట్టు పూర్తయిన వైపు అరచేత్తో సర్ది కాస్త పక్కకి జరిగాడు.

"కూర్చోమ్మా," అన్నాడు.